షేక్ మదార్ కవరు

ఏప్రిల్ మూడో ఆదివారంలోపు నేను చెయ్యవలసిన పనులు:

కరీంనగర్ నుంచి ఫ్రేములు తెప్పించాలి.
కమ్యూనిటీ హాలు తాళంచెవి ఎవరి దగ్గర ఉందో కనుక్కోవాలి.
కూలర్లలో తిరిగేవేవో చూసి, తిరగనివాటిని కనబడకుండా పక్కకు జరపాలి.
హైదరాబాద్ నుంచి వచ్చే జడ్జి గారికి ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ వెయ్యని భోజనం చెప్పాలి.
బడులకు కాగితం పంపాలి. పిల్లలు చేతులు కడుక్కుని రావాలని అందులో రాయాలి.
మన ప్రాంతం నుంచి కనీసం ఒక్క పాత ఉత్తరమైనా సంపాదించి ప్రదర్శనలో పెట్టాలి.
నాన్నను బూట్లు వేసుకుని రమ్మనాలి.

ఉత్తరం ఒక్కటి తప్ప మిగతావన్నీ అనుకున్నట్టే జరిగాయి. నాన్న చెప్పులతోనే వచ్చాడు. అది నేను ముందే అనుకున్నాను.

నేను గోదావరిఖనిలో పోస్టాఫీసు స్టాంపుల కౌంటర్‌లో పనిచేస్తాను. పేరు యమున. మా నాన్న ఎల్లేశం బొగ్గుబావిలో పైకప్పు కూలకుండా కర్రలు నిలబెట్టే పని చేసి రిటైరయ్యాడు. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషిని నేనే. చదివింది హిస్టరీ. గోదావరి తీర తపాలా సేకర్తల సంఘం వాళ్ళు స్టాంపులు, పాత కవర్ల ప్రదర్శన ఈసారి మా ఊళ్ళో పెడతామని, ఆఫీసు నుంచి ఒక మనిషిని సాయం ఇమ్మని అడిగారు. మా పోస్ట్‌మాస్టర్ గారు నన్ను పిలిచి, "హిస్టరీ అంటే పాతదే గద, నువ్వే చూసుకో" అన్నారు.

మా దగ్గర పాత ఉత్తరాలు దొరకడం కష్టం. ఊళ్ళు విడిచి క్వార్టర్లకు వచ్చినప్పుడు జనం గిన్నెలు తెచ్చుకున్నారు, కాగితాలు తెచ్చుకోలేదు. ఆ తర్వాత దాచిన కాగితాలన్నీ కంపెనీవే. ఎవరినడిగినా పేస్లిప్పులు చూపిస్తున్నారు. చివరికి నాన్నే చెప్పాడు.

"ముష్తాక్ ఇంట్ల ఉన్నది. వాళ్ళ అమ్మ వాళ్ళ తాత మిలట్రీల నుంచి రాసిండట. డ్యూటీల ఆ ముచ్చట విని విని నాకు నోటికొచ్చింది."

"ముందు చెప్పొద్దా నాన్న?"

"నువ్వు పాత ఉత్తరం అన్నవు. అది కవరు."

ముష్తాక్ కాక నాన్నతో ఒకే షిఫ్టులో చేశాడు. ఇప్పుడు బొగ్గు టబ్బులు లాగే హాలేజీ మీద ఉన్నాడు, ఇంకో రెండేళ్ళ సర్వీసుంది. వాళ్ళ క్వార్టర్‌కు పోయేసరికి తల్లి ఖైరూన్ బీ వాకిట్లో మంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఎనభై దాటిన మనిషి. నన్ను కింద నుంచి పైదాకా చూసింది.

"పోస్టాఫీసు పిల్లవా? పింఛన్ తెచ్చినవా?"

"లేదు దాదీ. మీ దగ్గర ఒక ఉత్తరం ఉందట. అడుగుదామని వచ్చిన."

"పోస్టాఫీసోళ్ళు ఉత్తరం ఇయ్యాలె గాని అడుగుడేంది?"

షహనాజ్ చాచీ, అంటే ముష్తాక్ కాక భార్య, లోపలి నుంచి బిస్కెట్ల డబ్బా తెచ్చింది. డబ్బాలో నుంచి గుడ్డ, గుడ్డలో నుంచి కవరు తీసింది.

నేను కౌంటర్‌లో రోజూ కవర్లు చూస్తాను. అయినా అలాంటిది చూడలేదు. అరచేతి కన్న కాస్త పెద్దది, ఎండుటాకు రంగు. ముందు వైపు గుండ్రటి నల్ల ముద్ర: ఫీల్డ్ పోస్ట్ ఆఫీస్, నెంబరు సగం చెరిగింది, తేదీ మాత్రం చక్కగా ఉంది, 1920 జనవరి. దాని పక్కన ఊదారంగులో వజీరిస్తాన్ ఫౌజు సెన్సారు ముద్ర. వెనక వైపు సికింద్రాబాద్ ముద్ర, దాని కింద మంథని ముద్ర. లోపల రెండు వైపులా ఉర్దూలో రాసిన ఒకే కాగితం. కింద వేలిముద్ర.

సంగతి ఇది. ఖైరూన్ బీ తాత షేక్ మదార్ మంథని మనిషి. సికింద్రాబాద్ లష్కర్‌లో గాడిదకు, గుర్రానికి పుట్టే ఖచ్చర్లను తోలే పనికి చేరాడు. తెల్లదొరల ఫౌజు వజీరిస్తాన్ కొండల్లో అక్కడి తెగల మీద యుద్ధానికి పోతూ సామాను మొయ్యడానికి ఖచ్చర్లను, ఖచ్చర్లతో పాటు తోలేవాళ్ళను తీసుకుపోయింది. ఆ కొండలు ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్నాయి. మదార్ అక్కడి నుంచి మున్షీతో రాయించి తమ్ముడికి ఈ ఒక్క ఉత్తరం పంపాడు. మళ్ళీ రాలేదు. ఉత్తరమూ రాలేదు, మనిషీ రాలేదు.

"ఏమైండు దాదీ?"

"ఎవరికెరుక. చలికి సచ్చిండో, ఖచ్చర్ తన్నిందో. మా అబ్బా, ఆయన కొడుకు, గీ కాగితం చాచా దగ్గర అడిగి తెచ్చుకున్నడు. సచ్చేదాక చదివి చదివి నాకు నోటికి నేర్పిండు."

కళ్ళు మూసుకుని ఉర్దూలో గబగబా చెప్పింది. నాకు సగమే అర్థమైంది. మిగతా సగం అడిగితే ముందు చాయ్ తాగమంది.

చాయ్ తాగుతుంటే ముష్తాక్ కాక అసలు బాధ చెప్పాడు. మదార్ తమ్ముడి వంశం వాళ్ళు ఇప్పుడు బసంత్‌నగర్‌లో ఉన్నారు. వాళ్ళ పెద్దమనిషి గౌస్ లారీల మెకానిక్. మదార్ ఫౌజుకే పోలేదని, సికింద్రాబాద్ నుంచే ఉరికి బొంబాయిలో ఇంకో పెళ్ళి చేసుకున్నాడని ఆ ఇంటివాళ్ళ మాట. మూడు తరాలుగా పెళ్ళిళ్ళలో, చావుల్లో వీళ్ళను 'భగోడా ఖాందాన్' అంటారు. పారిపోయినవాడి వంశం అని.

"మొన్న జూహీ నిఖాల బిర్యానీ లేటయితే గూడ అన్నడు. వంటోడు భగోడానా అని," అన్నాడు కాక. జూహీ వాళ్ళ బిడ్డ.

"కవరు చూపియ్యరాదు కాక? ముద్రల వజీరిస్తాన్ ఫౌజు అని తెలుస్తనే ఉన్నదిగద."

"చూపిస్తే చూస్తడా? మీ ఇంట్ల డబ్బాలున్నది మీరేమన్నా చెప్తరు అంటడు."

ఖైరూన్ బీ చింతపండు పక్కకు పెట్టింది.

"ఇగో పిల్లా. తీస్కపో. అందరు చూసే కాడ పెట్టు. గని ఆయన పేరు రాయాలె. పెద్దగ రాయాలె. వాకిట్ల నిలవడ్డోనికి గూడ కనవడాలె. నేను సచ్చేలోపల ఒక్కపారి ఆయన పేరు ఊళ్ళె చదవాలె."

రాస్తానన్నాను. అంత చిన్న కోరిక కాదనడానికి ఏముందనుకున్నాను.

కవరును ఫోన్‌లో ఫొటో తీసి, ప్రదర్శనకు జడ్జిగా రానున్న హైదరాబాద్ ఆయనకు పంపాను. ఆయన పేరు భూపాల్. రిటైరైన ఇంజనీరు, నలభై ఏళ్ళుగా యుద్ధకాలపు కవర్లు సేకరిస్తున్నారు. వెంటనే ఫోన్ చేశారు.

"అమ్మా, ఇది ఎక్కడ దొరికింది?"

"క్వార్టర్‌లో సార్. బిస్కెట్ల డబ్బాలో."

"అక్కడి ఫీల్డ్ పోస్టాఫీసు ముద్ర మన మంథని ముద్రతో కలిసి ఉన్న కవరు నేను ఇంతవరకు చూడలేదు. దీన్ని నడిమధ్య ఫ్రేములో పెడదాం. చీటీ మీద నాలుగు సంగతులు రాయండి. ఎక్కడ వేశారు, ఏ దారిన వచ్చింది, ఎంత రేటు, ఏ ముద్రలు."

"పంపినాయన పేరు సార్?"

"అవసరం లేదు. చదివేవాళ్ళ చూపు ముద్ర మీద నుంచి పోతుంది."

"వాళ్ళింట్లో అడుగుతున్నారు సార్. పెద్దగా రాయమని."

"సైజు కూడా రూల్లోనే ఉందమ్మా. పన్నెండు పాయింట్లు."

నేను డిగ్రీలో రూల్సు దాటకుండా పాసైన మనిషిని. అందుకని మధ్యేమార్గం ఆలోచించాను. చీటీ అడుగున, రూలు ఒప్పుకునే సైజులో, 'పంపినవారు షేక్ మదార్' అని రాద్దామనుకున్నాను. ఖైరూన్ బీని దగ్గరకు తీసుకుపోయి వేలుపెట్టి చూపిస్తే సరిపోతుందనుకున్నాను. ముష్తాక్ కాకకు ఈ సంగతి చెప్పాను. ఆయన, "ఫికర్ చెయ్యకు బిడ్డా, పెద్దగ రాసుడు సంగతి నేను చూసుకుంట" అన్నాడు. అప్పుడు నాకు అనుమానం రాలేదు.

కవరును ప్రదర్శన రోజు దాకా వాళ్ళింట్లోనే ఉంచమన్నాను. పోస్టాఫీసులో పెడితే ఎవరో ఒకరు ముద్ర కొట్టి బట్వాడాకు పంపే ప్రమాదముంది. షహనాజ్ చాచీకి ఒకటికి రెండుసార్లు చెప్పాను.

"చాచీ, మస్తు జాగ్రత్త. తడి తగలొద్దు. మడత పడొద్దు. చెమట చేతులు పెట్టొద్దు. గాలి తగిలినా పాడైతది."

"నువ్వు చెప్పాల్నా? మా ఇంట్ల కాగితం ఎన్నడన్న పాడైందా?" అంది చాచీ.

ఇక్కడ మా ప్రాంతం గురించి ఒక మాట చెప్పాలి. బావిలో పనిచేసే మనిషి ఆరోగ్యం చెడి ఇక పనికి రాడని తేలితే, ఆ ఉద్యోగం ఇంట్లో పిల్లలకు వస్తుంది. దానికి పుట్టిన తేదీ నుంచి పెళ్ళి దాకా అన్నిటికీ కాగితాలుండాలి. ఒక్క కాగితం మీద చెమ్మ దిగి అక్షరం చెదిరినా ఫైలు ఆగుతుంది. క్వార్టర్లేమో వానాకాలం కారుతాయి, ఎండాకాలం బొగ్గు దుమ్ము దిగుతుంది. అందుకని మా దగ్గర ఏ కాగితం చేతికొచ్చినా మొదట చేసే పని లామినేషన్. రేషన్ కార్డు, టెన్త్ మెమో, టీకాల కార్డు, డాక్టరు చీటీ. మా అమ్మ పెళ్ళి పత్రిక కూడా ప్లాస్టిక్‌లోనే ఉంది. జాగ్రత్త అని ఎవరన్నా అంటే మా వాళ్ళకు వినబడేది చౌరస్తాలోని జిరాక్స్ షాపు పేరు.

ఆదివారం పొద్దున హాలుకు ముష్తాక్ కాక కుటుంబమంతా ఆటోలో దిగింది. షహనాజ్ చాచీ కొత్త టవల్‌లో చుట్టిన వస్తువును రెండు చేతులతో పట్టుకుని తెచ్చి నా ముందు విప్పింది.

కవరును మూడు వైపులా అంటు విప్పి, చాపలాగా పరిచి, దాని పక్కన ఉత్తరాన్ని పెట్టి, రెండిటినీ కలిపి ఒకే మందపాటి షీటులో లామినేట్ చేయించింది. మూలలు గుండ్రంగా కత్తిరించి ఉన్నాయి. ఒక్క బుడగ లేదు. ఇటు తిప్పినా అటు తిప్పినా అన్నీ కనిపిస్తున్నాయి.

"ఇగ నీళ్ళల్ల ఏసినా ఏం గాదు," అంది చాచీ. "జిరాక్సు సంపత్ మామూలు ప్లాస్టిక్ ఏస్తనన్నడు. నేనే మందంది ఏయించిన."

నేను కుర్చీలో కూర్చున్నాను. నా మొహం చూసి ముష్తాక్ కాక, "ఏమైంది? మూలలు గుండ్రంగ ఉండొద్దా?" అని అడిగాడు.

భూపాల్ సార్ అప్పుడే వచ్చారు. తెల్ల చొక్కా, చేతులకు తెల్ల గ్లౌజులు. ఆ కవరు కోసమే పొద్దున్నే బండెక్కానని అందరికీ చెబుతూ వచ్చారు. నేను షీటును ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని వెలుతురుకు పట్టి చూశారు, తిప్పి చూశారు, అంచు గోటితో తడిమారు. తర్వాత గ్లౌజులు ఒక్కొక్కటే తీసి జేబులో పెట్టుకున్నారు. ఇక వాటితో పని లేదు.

"ఎవరు చేశారు?"

"నేనే చేపిచ్చిన సార్," అంది చాచీ. మెచ్చుకుంటారని చూస్తోంది.

ఆయన మూలలు చూసి, "శుభ్రంగా చేశారు" అన్నారు. ఆయన మంచి మనిషి.

నన్ను పక్కకు పిలిచి నెమ్మదిగా చెప్పారు. ప్లాస్టిక్ తీస్తే కాగితం పైపొర దానితోనే లేచిపోతుంది. తియ్యకపోతే అది తపాలా వస్తువు కిందికి రాదు. ఫ్రేములో పెట్టడానికి వీల్లేదు. పెడితే సంఘం ఒప్పుకోదు. నడిమధ్య ఫ్రేములో రంగు రంగుల పక్షుల స్టాంపులు పెట్టమన్నారు.

నేను పోయి ఖైరూన్ బీకి చెప్పాలి. ఆమె హాల్లో కూలర్ ముందు కుర్చీలో, కొత్త దుపట్టా కప్పుకుని కూర్చుంది. తిరగని కూలర్ ముందు. పక్కన కూర్చుని, లామినేషన్ వల్ల ఫ్రేములో పెట్టనిస్తలేరని చెప్పాను.

"అద్దం ఎనుక పెడ్తరా ఏంది దాన్ని?"

"అవును దాదీ. రూలు."

"అద్దం ఎనుక పెట్టేదాన్ని ప్లాస్టిక్ ఎనుక పెట్టొద్దా?"

షహనాజ్ చాచీకి అప్పుడు అర్థమైంది. టవల్ మడతపెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టింది. ఖైరూన్ బీ కోడలి వైపు చూడకుండానే, "ఊకో. నువ్వు చేపియ్యకపోతే నేను చేపిచ్చేదాన్ని" అంది. తర్వాత నన్ను అడిగింది. "గట్లయితే పేరు రాయరు?"

అదే సమయానికి బయట గోల వినిపించింది. పోయి చూస్తే హాలు గేటుకు నాన్న, ముష్తాక్ కాక స్నేహితులు కలిసి ఒక ఫ్లెక్సీ కడుతున్నారు. పెద్దగా రాసే సంగతి నేను చూసుకుంటానని కాక అన్నది దీని గురించి. అది ప్రదర్శన బ్యానరు కన్నా రెండింతలుంది. మధ్యలో రోడ్డు అవతలికి కూడా కనిపించే అక్షరాలతో 'షేక్ మదార్, మంథని, వజీరిస్తాన్ ఫౌజు' అని ఉంది. ఆయన ఫొటో లేదు కాబట్టి ఫ్లెక్సీ షాపువాడు అక్కడ గుర్రం బొమ్మ వేశాడు. కింద మా వైపు అలవాటు ప్రకారం 'శుభాకాంక్షలతో' అని, షిఫ్టు మిత్రులందరి ఫొటోలు. మా నాన్న ఫొటో మొదట ఉంది. ఆ రోజు హాలుకు వచ్చినవాళ్ళలో సగంమంది మా నాన్నే షేక్ మదార్ అనుకున్నారు. ఇద్దరు ముగ్గురు దండ కూడా తెద్దామనుకున్నారు.

ఖైరూన్ బీని చెయ్యిపట్టి తెచ్చి చూపించారు. ఆమెకు చదువు రాదు. కొడుకుతో అక్షరం అక్షరం చదివించుకుంది. తర్వాత బొమ్మ చూసింది.

"ఇది గుర్రం."

"ఖచ్చర్ బొమ్మ కంప్యూటర్ల లేదన్నడమ్మా."

"గుర్రం మీద దొరలు కూసుంటరు. దాని మీద చింత మండ కట్టున్రి."

బొమ్మ కనబడకుండా కట్టారు. భూపాల్ సార్ ఇదంతా మెట్ల మీద నిలబడి చూశారు. నేను ఆయన దగ్గరికి పోయి, గేటు దగ్గర, హాలు బయట, ఒక బల్ల వేసుకుంటే సంఘానికి ఏమన్నా అభ్యంతరమా అని అడిగాను.

"గేటు బయట నేను జడ్జిని కాదమ్మా," అన్నారు.

వేపచెట్టు నీడన బల్ల వేశాం. దాని మీద షీటు పెట్టాం. లోపల ఫ్రేముల ముందు తాడు కట్టి, ముట్టుకోవద్దని రాసి ఉంది. బయట ఏమీ రాయలేదు. కాబట్టి అందరూ ముట్టుకున్నారు. చాయ్ గ్లాసు ఒక చేత్తో, షీటు ఒక చేత్తో పట్టుకుని చూశారు. బడి పిల్లలు ముద్రల మీద వేళ్ళు పెట్టి నెంబర్లు చదివారు. ఎవరో మజ్జిగ ఒలకబోస్తే చాచీ కొంగుతో తుడిచింది. కాగితానికి ఏమీ కాలేదు. ఆమె మొహం అప్పుడు కాస్త తేటపడింది. కాని ఉర్దూ రాతను చదివేవాళ్ళు ఎవరూ లేరు. ముష్తాక్ కాక చదివింది తెలుగు మీడియం. కొడుకు తాబిష్‌కు ఇంగ్లీషు తప్ప రాదు.

మధ్యాహ్నానికి గౌస్ వచ్చాడు. బసంత్‌నగర్ నుంచి బండి మీద వచ్చాడు, చేతులకు గ్రీజు అట్లాగే ఉంది. ఫ్లెక్సీ ఫొటో ఎవరో వాట్సాప్‌లో పెట్టారట. అరవై ఏళ్ళ మనిషి, గొంతు పెద్దది.

"ఏంది ముష్తాక్, భగోడాకు ఫ్లెక్సీ గిట్ల కట్టినవ్? ఓట్లకు నిలవెడ్తున్నవా?"

ముష్తాక్ కాక లేవబోయాడు. ఖైరూన్ బీ చేయి అడ్డం పెట్టింది.

"గౌస్, నువ్వు ఉర్దూ బడికి పోయినవ్ గద. గిది చదువు."

"చేతులకు గ్రీజున్నది అమ్మీ."

"ఏం గాదు. ప్లాస్టిక్కే."

పదిమంది చూస్తున్నారు. గౌస్‌కు పదిమంది ముందు మాట్లాడడం ఇష్టం. షీటు అందుకుని, దూరంగా పట్టుకుని, పెద్ద గొంతుతో చదివాడు. ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పాడు. ఆయన చెప్పినదాన్ని నేను ఇక్కడ నా రాతలో పెడుతున్నాను.

'తమ్ముడు హుస్సేన్‌కు మదార్ సలాం. నేను బాగున్నాను. నా ఖచ్చర్లలో రెండు చచ్చాయి. ఒకటి చలికి, ఒకటి ఎందుకో తెలియదు. ఇక్కడ కొండలే గాని చెట్లు లేవు. వంటకు కట్టెలు లేవు. మేము పోయేసరికి ఊళ్ళు ఖాళీగా ఉంటున్నాయి. పొయ్యిలో బూడిద మాత్రం వెచ్చగా ఉంటుంది. సాహెబు హుకుం మీద ఇళ్ళ దూలాలు, తలుపులు పీకి ఖచ్చర్ల మీద వేస్తున్నాం. మిగిలినదానికి నిప్పు పెడుతున్నారు. మొన్న ఒక ఇంటి తలుపుకు తాళం వేసి ఉంది. తాళం అట్లాగే ఉంచి తలుపు పీకాం. నేనే మోసుకొచ్చాను. ఆ తలుపుతో కాల్చిన రొట్టె తిన్నాను. ఇంకేమీ లేదు తినడానికి. వాళ్ళూ మనలాగే నమాజు చేసేవాళ్ళు. ఈ సంగతి మౌల్వీ సాబ్‌కు చెప్పకు. వానలు రాకముందే మన ఇంటి వెనక గోడ పెట్టించు. నా కొడుకును బావి దగ్గరికి పోనియ్యకు.'

నాన్న ముందుకు వంగాడు.

"తలుపు ఒక్కటి తీస్తే ఇల్లు నిలవడుతది. దూలం గుంజితే కప్పు కూలుతది. బొగ్గు తీసినంక మేం గూడ కర్రలు గుంజుకుంట ఎనుకకు వస్తం గద, మీద పడకముందే ఉరకాలె. ముందు ఏది తీసిన్రు వీళ్ళు?"

"నాన్న, ఊకో."

"ఊకె అడుగుతున్న. మనిషి ఆ పని చేసిండంటే నడుములు పోతయ్."

భూపాల్ సార్ ఎప్పుడొచ్చారో, చాయ్ గ్లాసుతో వెనక నిలబడి ఉన్నారు. "ఈ రాతను సెన్సారు ఎట్లా వదిలాడో తెలియడం లేదు," అన్నారు.

"ఆయన గూడ గా రొట్టెనే తిన్నడేమో," అంది ఖైరూన్ బీ.

గౌస్ షీటును బల్ల మీద పెట్టాడు. గొంతు కాస్త తగ్గింది గాని పూర్తిగా కాదు.

"సరే. జనవరిల ఉన్నడు. ఫిబ్రవరిల ఎక్కడున్నడు?"

"నువ్వు ఎక్కడున్నవురా ఫిబ్రవరిల?"

"నేను పుట్టలే గద అమ్మీ."

"పుట్టనోనికి ఎట్ల ఎరుక ఉరికిండని?"

"మా అబ్బా చెప్పిండు."

"మీ అబ్బా పుట్టిండా?"

గౌస్ లెక్క వేసుకున్నాడు. "లే," అన్నాడు.

"ఉరికితే ఉరకనియ్. తలుపులు పీకుడు శాతగాక ఉరికిండేమో. నాకు ఎరుక లేదు, నీకు ఎరుక లేదు. గని పోనే లేదన్నరు గద మీరు. బొంబాయిల పెండ్లి అన్నరు. పోయిండా, పోలేదా?"

గౌస్ ముద్ర వైపు చూశాడు. దాని మీద వేలు పెట్టాడు. అతని వేలి గ్రీజు ప్లాస్టిక్ మీద అంటింది.

"పోయిండు."

"గట్టిగ."

"షేక్ మదార్ పోయిండు," అన్నాడు, ఉత్తరం చదివిన గొంతుతోనే. గేటు అవతల ఆటోవాళ్ళు తిరిగి చూశారు.

"ఇగ భగోడా అంటవా?"

"అన."

"ఇంకెవ్వడన్న అంటే?"

"ముష్తాక్ కొడతడు."

"ముష్తాక్ కాదు. నువ్వు కొట్టాలె."

గౌస్ తల ఊపాడు. తర్వాత తన రుమాలుతో ప్లాస్టిక్ మీది గ్రీజు తుడిచి, అన్నం ఎక్కడ పెడుతున్నారని అడిగాడు. జడ్జి గారి కోసం చెప్పిన భోజనం మిగిలి ఉంది. తిని, ఇందులో ఉల్లిగడ్డ లేదేమని నన్ను తిట్టాడు.

ప్రదర్శనలో మొదటి బహుమతి పక్షుల స్టాంపులకు వచ్చింది.

ఆ వారమే గాలిదుమారం వచ్చి ఫ్లెక్సీ చిరిగింది. మిగిలిన ముక్కను షహనాజ్ చాచీ ఇంటి వెనక కట్టెల మీద కప్పింది. అచ్చు వేసిన వైపు ఎండకు పాడవుతుందని పేరు కిందికి వచ్చేటట్టు కప్పింది. నెల తర్వాత భూపాల్ సార్ సంఘం పత్రికను పంపారు. అందులో ఆ ముద్ర మీద ఆయన వ్యాసం ఉంది. చాలా బాగా రాశారు. కవరు ఏ దారిన వచ్చిందో పటం కూడా గీశారు. పంపినవారి గురించి 'ఫౌజు అనుచరుడు ఒకరు' అని ఉంది.

నేను పత్రిక పట్టుకుపోయి ఖైరూన్ బీకి చూపించాను. పేరు ఎక్కడుందో వేలు పెట్టమంది. లేదని చెప్పాను. పటం మీది దారి వెంట వేలు జరిపింది. "నువ్వు చదువుకున్నవ్ గద, నువ్వు రాయి," అంది. ఫ్రేము లేదు, రూలు లేదు, ఇక నేను కాదనడానికి కారణం లేదు. అందుకే ఇది రాశాను.

ఆయన వీరుడని నేను అనడం లేదు. అక్కడే చనిపోయాడో, ఉరికాడో నాకు తెలియదు. పరాయి కొండల్లో తాళం వేసి ఉన్న తలుపును పీకి మోసుకొచ్చాడు, ఆ సంగతిని తమ్ముడి దగ్గర దాచలేదు. ఆ తాళం వేసుకుని పోయినవాళ్ళ పేరు కూడా తెలిస్తే రాసేదాన్ని, ఉత్తరంలో లేదు. తెలిసిన పేరు ఒక్కటే. ఖచ్చర్లు తోలిన షేక్ మదార్, ఊరు మంథని. చదివినవాళ్ళు దయచేసి గుర్తుపెట్టుకోండి.